13 (బ్లాక్ సబ్బత్ ఆల్బమ్)

'13' ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బత్ వెలువరించిన 19వ స్టూడియో ఆల్బమ్, చివరిది కూడా. బ్రిటన్‌లో 2013 జూన్ 10న విడుదలైంది. నిర్మాత అమెరికాకు చెందిన రిక్ రూబిన్. తొలి గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ ఈ బృందంతో పూర్తి స్టూడియో ఆల్బమ్ పాడింది 1978 నాటి 'నెవర్ సే డై!' తర్వాత మళ్లీ ఇందులోనే. గిటార్ టోనీ అయోమీ, బేస్ గిటార్ గీజర్ బట్లర్ వాయించారు. డ్రమ్స్ మాత్రం వ్యవస్థాపక సభ్యుడు బిల్ వార్డ్ వాయించలేదు. ఆ స్థానంలో రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ బృందానికి చెందిన బ్రాడ్ విల్క్ కూర్చున్నారు. విడుదలనాటికి అయోమీకి 65 ఏళ్లు, ఆస్‌బోర్న్‌కు 64, బట్లర్‌కు 63. బృందం పుట్టింది 1968లో. విల్క్ పుట్టిందీ అదే ఏడాది.

అమెరికా ఆల్బమ్ పట్టికలో బ్లాక్ సబ్బత్ మొదటి స్థానం చూసింది ఈ ఒక్క ఆల్బమ్‌తోనే.

పునరాగమన ఆల్బమ్: నిర్వచనం

రాక్ సంగీత రచనల్లో 'పునరాగమన ఆల్బమ్' అనే మాట విరివిగా కనిపిస్తుంది కానీ దానికి స్థిరమైన కొలబద్ద లేదు. ఎన్నేళ్ల ఎడం తర్వాత వస్తే పునరాగమనం అనాలన్నది ఎవరూ తేల్చలేదు. వాడుకలో ఈ మాట మూడు సందర్భాలకు చెల్లుతుంది. బృందం చాలాకాలం కొత్త పాటలు చేయకుండా ఉండి మళ్లీ స్టూడియోలో అడుగుపెట్టడం ఒకటి. విడిపోయిన తొలినాటి సభ్యులు తిరిగి ఒక్కటవడం రెండోది. నడుమ వదిలేసిన తమ పాత బాణీని మళ్లీ అందుకోవడం మూడోది. '13'లో ఈ మూడూ ఉన్నాయి. బ్లాక్ సబ్బత్ పేరుతో స్టూడియో ఆల్బమ్ వచ్చి అప్పటికి 18 ఏళ్లయింది, ఆస్‌బోర్న్ గొంతుతో వచ్చి 35 ఏళ్లయింది. ఇక ధ్వని విషయంలో 1970–71 నాటి తొలి మూడు ఆల్బమ్‌లనే గురిగా పెట్టుకున్నారు.

కచేరీల కోసం ఒక్కటవడం వేరు, ఆల్బమ్ కోసం ఒక్కటవడం వేరు. మొదటిదానికి పాత పాటలు చాలు. టిక్కెట్లు అమ్ముడయ్యేదీ వాటి మీదే. పాత బృందం కచేరీలో కొత్త పాట ఎత్తుకోగానే జనం మంచినీళ్లకో మరోదానికో లేచి వెళ్లడం ఏ దేశంలోనైనా ఉన్నదే. కాబట్టి అరవై దాటినవాళ్లు కొత్త పాటలు కట్టడానికి కూర్చోవడం వ్యాపార రీత్యా తప్పనిసరి ఏమీ కాదు. బ్లాక్ సబ్బత్ కూడా 1997లో ఒక్కటై, కొత్త ఆల్బమ్ లేకుండానే ఏళ్ల తరబడి కచేరీలు నడిపింది.

నేపథ్యం

ఆస్‌బోర్న్, అయోమీ, బట్లర్, వార్డ్ నలుగురూ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతపు కార్మిక కుటుంబాల పిల్లలు. మొదట బ్లూస్ వాయించేవారు. 1969లో ఒక భయానక చిత్రం పేరు తీసుకుని బ్లాక్ సబ్బత్ అయ్యారు. తొలి ఆల్బమ్‌ను ఒక్క రోజులో రికార్డు చేశారు. అది 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం విడుదలైంది. అదే ఏడాది వచ్చిన 'పారనాయిడ్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

ఈ బృందపు ధ్వనికి మూలం ఒక ఫ్యాక్టరీ ప్రమాదం. అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేసేవారు. ఉద్యోగంలో అదే చివరి రోజు. యంత్రంలో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలను నొక్కిపట్టేది కుడిచేయి. ఇక వాయించలేనని కుంగిపోయి ఉన్న రోజుల్లో కర్మాగారం మేనేజర్ ఒక రికార్డు వినిపించారు. అది నిప్పు ప్రమాదంలో చేతివేళ్లు దెబ్బతిన్నా గిటార్ వదలని జాంగో రైన్‌హార్ట్ వాదనం. అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నారు, వాటిపై తోలు అంటించారు. సన్న తీగలు ఎక్కించారు. తర్వాత్తర్వాత నొక్కడం తేలికవుతుందని తీగల శ్రుతి కూడా తగ్గించారు. హెవీ మెటల్‌కు గుర్తుగా నిలిచిన బరువైన, కిందిస్థాయి ధ్వని ఇలా ఒక గాయానికి చేసుకున్న సర్దుబాటులోంచి వచ్చింది.

1979లో ఆస్‌బోర్న్‌ను బృందం తొలగించింది. తర్వాత రానీ జేమ్స్ డియో, ఇయాన్ గిలన్, గ్లెన్ హ్యూస్, టోనీ మార్టిన్ వేర్వేరు కాలాల్లో పాడారు. అన్ని మార్పుల మధ్యా కదలకుండా ఉన్నది అయోమీ ఒక్కరే. 1995 నాటి 'ఫర్బిడెన్' తర్వాత ఆల్బమ్‌లు ఆగిపోయాయి. 1997 డిసెంబరులో బర్మింగ్‌హామ్ కచేరీల్లో తొలి నలుగురూ కలిశారు. ఆ కచేరీల రికార్డు 1998లో 'రీయూనియన్' పేరుతో వచ్చింది. అందులో స్టూడియోలో చేసిన కొత్త పాటలు రెండే. 2001లో రూబిన్‌తోనే ఒక కొత్త ఆల్బమ్ మొదలుపెట్టి వదిలేశారు. 2009లో బృందం పేరుపై హక్కు ఎవరిదన్న విషయంలో ఆస్‌బోర్న్ అయోమీపై కోర్టుకు వెళ్లారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. అయోమీ, బట్లర్ అప్పటికే డియోతో కలిసి 'హెవెన్ అండ్ హెల్' పేరుతో వాయిస్తున్నారు. 2010 మేలో డియో మరణంతో ఆ దారి మూసుకుపోయింది.

ప్రకటన, జబ్బు, ఒప్పందం

2011 నవంబరు 11న, అంటే 11-11-11న, లాస్ ఏంజిలెస్ సమీపంలోని విస్కీ ఎ గో గో క్లబ్‌లో నలుగురూ ఒకే వేదికపై కూర్చుని కొత్త ఆల్బమ్, ప్రపంచ పర్యటన ప్రకటించారు. రెండు నెలలు తిరగకముందే, 2012 జనవరిలో, అయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ సోకినట్టు తేలింది. పాటలు కట్టే పని ఆగలేదు, చోటు మారింది. చికిత్స ఇంగ్లండ్‌లో కాబట్టి మిగతావారే అమెరికా నుంచి అయోమీ ఇంటి స్టూడియోకు తరలివెళ్లారు.

2012 ఫిబ్రవరిలో వార్డ్ బహిరంగ ప్రకటన చేశారు. సంతకం చేయదగిన ఒప్పందం తన ముందు పెట్టలేదని, అది వస్తే తప్ప చేరలేనని దాని సారాంశం. ఆస్‌బోర్న్ తర్వాతి ఇంటర్వ్యూల్లో వార్డ్ శరీర దారుఢ్యం గురించి మాట్లాడారు. సుదీర్ఘ పర్యటనకు ఆయన తట్టుకోలేరన్నది ఆ వాదన. వార్డ్ దాన్ని అంగీకరించలేదు. ఒప్పందపు షరతులు బయటికి రాలేదు కనుక ఎవరి మాట న్యాయమో బయటివారు తేల్చగలిగింది కాదు. అయితే నలుగురి పునఃకలయికగా ప్రకటించినది ముగ్గురి ఆల్బమ్‌గా ముగిసిందన్నది వాస్తవం. అభిమానుల్లో ఒక వర్గం ఆ లోటును ఇప్పటికీ ఎత్తిచూపుతుంది.

ధ్వనిముద్రణ

ప్రధానంగా 2012 ఆగస్టు నుంచి 2013 జనవరి వరకు కాలిఫోర్నియాలోని మాలిబూలో ఉన్న షాంగ్రి-లా స్టూడియోలో పని జరిగింది. ఇది రూబిన్ సొంత స్టూడియో. రూబిన్ హిప్‌హాప్‌తో మొదలై, స్లేయర్ బృందపు 'రీన్ ఇన్ బ్లడ్' (1986), జానీ క్యాష్ 'అమెరికన్ రికార్డింగ్స్' (1994) వంటివాటి ద్వారా పేరు తెచ్చుకున్నారు. పెద్ద వయసు కళాకారుల చేత వారి తొలినాటి సత్తాను మళ్లీ బయటికి తీయించే నిర్మాత అన్న ఖ్యాతి క్యాష్ ఆల్బమ్‌తో స్థిరపడింది.

ఇక్కడ ఆయన పద్ధతి సూటిగా ఉంది. సభ్యులను కూర్చోబెట్టి వారి తొలి ఆల్బమ్ వినిపించారు. హెవీ మెటల్ అనే మాటే పుట్టని రోజుల్లో మీరు చేసిన సంగీతం ఇది, మెటల్‌ను మరిచిపోయి మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టండి అన్నది ఆయన సూచన. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలని, పొరలు పొరలుగా కట్టకూడదని పట్టుబట్టారు. అయోమీ కోసం పాతకాలపు ఆంప్లిఫైయర్లు తెప్పించారు. ఆంప్లిఫైయర్ పాతదైనంత మాత్రాన పాత ధ్వని వచ్చేయదన్నది అయోమీ అభిప్రాయం. ఆ మాట తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. నిర్మాతతో పని మొత్తం సాఫీగా సాగలేదని బట్లర్ మాటల్లోనూ తెలుస్తుంది. ఒకే పాటను పదేపదే వాయించమనడం, ఏం కావాలో విడమరిచి చెప్పకపోవడం వారికి ఇబ్బందిగా తోచింది.

డ్రమ్స్‌కు రూబిన్ ముందుగా క్రీమ్ బృందపు జింజర్ బేకర్ పేరు సూచించినట్టు సభ్యులు గుర్తుచేసుకున్నారు. చివరికి విల్క్ ఖాయమయ్యారు. పర్యటనల్లో డ్రమ్స్ వాయించిన టామీ క్లుఫెటోస్ ఆల్బమ్‌లో లేరు.

సంగీతం

ప్రధాన ఆల్బమ్‌లో 8 పాటలు, నిడివి సుమారు 53 నిమిషాలు. ఐదు నిమిషాలకు లోబడినవి మూడే. మిగతా ఐదూ ఏడు నిమిషాలు దాటినవి.

బ్లాక్ సబ్బత్ పాటకు ఆధారం రిఫ్, అంటే పాట పొడవునా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ స్వరగుచ్ఛం. పల్లవి, చరణాలు దాని చుట్టూ అల్లుకుంటాయి. బృందం పేరునే పెట్టుకున్న 1970 నాటి తొలి పాట రిఫ్‌లో ఉన్నవి మూడే మెట్లు: కింది షడ్జం, పై షడ్జం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం. షడ్జానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పాశ్చాత్యులు ట్రైటోన్ అంటారు. దీనికి సైతాను పేరు కూడా అంటగట్టారు. కర్ణాటక సంగీతం వినేవారికి ఇదే ప్రతి మధ్యమం కల్యాణి రాగంలో మంగళప్రదంగా తోస్తుంది. స్వరం ఒకటే. పక్కన ఏ స్వరాలున్నాయి, నడక ఎంత నిదానం, ఎంతసేపు ఆపి ఉంచారు అన్నదాన్ని బట్టి ఒకచోట పెళ్లిపందిరి, మరోచోట శ్మశానం.

'13' తొలి పాట 'ఎండ్ ఆఫ్ ద బిగినింగ్' ఆ 1970 పాట అడుగుజాడల్లోనే నడుస్తుంది. చౌకకాలంలో బరువైన రిఫ్, గిటార్ ఆగినచోట దాదాపు నిశ్శబ్దంలో గొంతు, మధ్యలో ఉన్నట్టుండి కాలం మారి ద్రుతం. పోలిక యాదృచ్ఛికం కాదు, దాచే ప్రయత్నమూ లేదు. 'లోనర్' రిఫ్ వింటే పాత 'ఎన్.ఐ.బి.' గుర్తుకొస్తుంది. 'జైట్‌గైస్ట్' 1970 నాటి 'ప్లానెట్ క్యారవాన్'కు చెల్లెలు. చేతివాద్యపు తాళం, మెత్తటి గిటార్, అంతరిక్షంలో తేలిపోతున్న కథకుడు. దాని చివర అయోమీ వాయించిన సోలోలో జాజ్ ఛాయ ఉంది, కర్మాగారం మేనేజర్ వినిపించిన ఆ రైన్‌హార్ట్ రికార్డు దాకా వెనక్కి లాగే ఛాయ.

ఆల్బమ్‌లో అన్నిటికన్నా సహజంగా ఊపిరి తీసుకునేది 'డ్యామేజ్డ్ సోల్'. దాదాపు ఎనిమిది నిమిషాల నిదానమైన బ్లూస్ ఇది. ఆస్‌బోర్న్ మౌతార్గాన్ వాయించారు. వాయిద్యాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ, కాస్త అటూ ఇటూ ఒరుగుతూ సాగుతాయి. మిగతా పాటల్లో బృందం తన పాత రికార్డులను అనుకరిస్తుంటే, ఇందులో ఆ రికార్డులకూ ముందు క్లబ్బుల్లో వాయించిన సంగీతం దగ్గరికి వెళ్లింది. రూబిన్ కోరినది పూర్తిగా నెరవేరిన పాట ఇదొక్కటే అనవచ్చు.

ఆస్‌బోర్న్ గొంతు పరిధి 1970లతో పోలిస్తే బాగా కుదించుకుపోయింది. పై స్థాయి కేకలు లేవు. రిఫ్ వెంటే, కింది స్థాయిలో, మంత్రం చదివినట్టు పాడారు. ఈ పరిమితి పాటల చీకటి వాతావరణానికి కొంత కలిసొచ్చింది కూడా. బట్లర్ బేస్ గిటార్‌కు వెనకవైపు కూర్చునే అలవాటు ఎన్నడూ లేదు. ఇక్కడా అది రిఫ్‌ను అంటిపెట్టుకుని ఉండి, సోలో రాగానే తన దారిన తాను పాకుతుంది.

సాహిత్యం

పాత రోజుల్లోలాగే పదాలు ఎక్కువగా బట్లర్‌వి. 'గాడ్ ఈజ్ డెడ్?' పేరులో ప్రశ్నార్థకం ముఖ్యం. దేవుడు మరణించాడన్న మాట జర్మన్ తత్త్వవేత్త నీషే పేరుతో ప్రసిద్ధం. ఒక పత్రికపై ఆ మాట చూశానని, పాటకు బీజం అదేనని ఆస్‌బోర్న్ చెప్పారు. పాట నాస్తిక ప్రకటన కాదు. సందేహంలో కొట్టుమిట్టాడే మనిషి చివరికి ఆ మాటను నమ్మలేకపోవడం దాని ముగింపు. 'లివ్ ఫరెవర్' చావు గురించి. అయోమీ చికిత్స తీసుకుంటున్న రోజుల్లో తయారైన పాట కనుక వినేవారు దాన్ని ఆయనకు ముడిపెట్టడం సహజమే. 'డియర్ ఫాదర్' మతాచార్యుడి చేతిలో లైంగిక హింసకు గురైన బాలుడు పెద్దయ్యాక చేసే నిలదీత. సైతాను పూజారులన్న అపవాదు మోసిన ఈ బృందం క్యాథలిక్ కుటుంబంలో పెరిగిన బట్లర్ కలంతో పాపం, క్షమ, విశ్వాసం గురించే ఎక్కువగా పాడింది. '13' కూడా ఆ కోవలోదే.

'డియర్ ఫాదర్' ముగిశాక వాన, ఉరుము, దూరంగా చర్చి గంట వినిపిస్తాయి. 1970 నాటి తొలి ఆల్బమ్ మొదలైంది సరిగ్గా ఆ శబ్దాలతోనే.

విడుదల, ఆదరణ

ముఖచిత్రం మంటల్లో ఉన్న 13 అంకె. అల్లిన భారీ అంకె బొమ్మను ఆరుబయట నిలబెట్టి నిజంగానే తగలబెట్టి ఫొటో తీశారు. పేరుకు పాటల సంఖ్యతో సంబంధం లేదు. డీలక్స్ కూర్పులోని మూడు అదనపు పాటలు కలిపినా 11 అవుతాయి. తొలి సింగిల్ 'గాడ్ ఈజ్ డెడ్?' 2013 ఏప్రిల్‌లో వచ్చింది. మే నెలలో అమెరికన్ నేరపరిశోధన ధారావాహిక 'సీఎస్ఐ' ఎపిసోడ్‌లో బృందం స్వయంగా కనిపించి 'ఎండ్ ఆఫ్ ద బిగినింగ్' వాయించింది.

బ్రిటన్‌లో ఆల్బమ్ నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. 'పారనాయిడ్' తర్వాత బృందానికి అక్కడ ఇదే మొదటి అగ్రస్థానం. నడుమ గడిచినవి దాదాపు 43 ఏళ్లు. రెండు అగ్రస్థానాల మధ్య అంత ఎడం అప్పటికి రికార్డు. అంతకుముందు అది బాబ్ డిలన్ పేరిట ఉండేది. అమెరికాలో తొలివారం సుమారు 1,55,000 ప్రతులు అమ్ముడై బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానం దక్కింది. అక్కడ బృందం అంతకుముందు చేరిన అత్యున్నత స్థానం 8, అదీ 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'తో. 2014 జనవరిలో జరిగిన 56వ గ్రామీ వేడుకలో 'గాడ్ ఈజ్ డెడ్?' ఉత్తమ మెటల్ ప్రదర్శన పురస్కారం అందుకుంది.

విమర్శకుల స్పందన మొత్తం మీద అనుకూలమే. అయోమీ రిఫ్‌లను మెచ్చనివారు అరుదు. అభ్యంతరాలు మూడు చోట్ల కేంద్రీకృతమయ్యాయి. ఒకటి, బృందం తన పాటలనే తాను అప్పు తెచ్చుకుందని. రెండు, విల్క్ వాదనం గట్టిగా, నిక్కచ్చిగా ఉందే తప్ప వార్డ్‌లోని జాజ్ ఊగిసలాట లేదని. వార్డ్ తాళాన్ని కాపలా కాసేవారు కాదు, రిఫ్‌తో మాటకు మాట అనేవారు. ఆ సంభాషణ లేకపోవడం వేగం మారే చోట్ల బాగా తెలుస్తుంది. మూడు, తుది మిశ్రమంలో ధ్వనిని మరీ బిగించి, మెత్తని చోట్లకూ గట్టి చోట్లకూ తేడా చెరిపేశారని. రూబిన్ నిర్మించిన మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' (2008) మీద వచ్చిన ఫిర్యాదే ఇది. పాత ధ్వని కోసం పాత ఆంప్లిఫైయర్లు తెప్పించి, చివరి మెట్టులో కొత్త కాలపు హోరుకు లొంగడం ఈ ఆల్బమ్‌లోని అసలు వైరుధ్యం.

పోల్చదగినవి

ద హూ 24 ఏళ్ల తర్వాత 'ఎండ్‌లెస్ వైర్' (2006) చేసింది. ఈగల్స్ 28 ఏళ్ల తర్వాత చేసిన పూర్తి స్టూడియో ఆల్బమ్ 'లాంగ్ రోడ్ అవుట్ ఆఫ్ ఈడెన్' (2007) అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. రోలింగ్ స్టోన్స్ సొంత పాటలతో 18 ఏళ్ల తర్వాత తెచ్చిన 'హాక్నీ డైమండ్స్' (2023)తో పోలిక ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడా లోటు డ్రమ్మర్‌దే. చార్లీ వాట్స్ 2021లో మరణించారు. ముందే రికార్డు చేసిన ఆయన వాదనాన్ని రెండు పాటల్లో చేర్చారు. స్టోన్స్ డ్రమ్మర్‌ను మృత్యువు దూరం చేసింది, సబ్బత్ డ్రమ్మర్‌ను కాగితాలు దూరం చేశాయి.

ఆ తర్వాత

'13' సమయంలో మిగిలిపోయిన నాలుగు స్టూడియో పాటలను, కొన్ని కచేరీ రికార్డులతో కలిపి 2016లో 'ది ఎండ్' పేరుతో డిస్కుగా తెచ్చి పర్యటన వేదికల దగ్గరే అమ్మారు. అదే పేరున్న వీడ్కోలు పర్యటన 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో ముగిసింది. వార్డ్ అప్పుడూ లేరు.

2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో నలుగురూ 20 ఏళ్ల తర్వాత కలిసి వాయించారు. పార్కిన్సన్స్ వ్యాధితో ఉన్న ఆస్‌బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడారు. పదిహేడు రోజుల తర్వాత, జూలై 22న, 76 ఏళ్ల వయసులో మరణించారు. విల్లా పార్క్‌లో ఆ రాత్రి బ్లాక్ సబ్బత్ వాయించినవి నాలుగు పాటలు: 'వార్ పిగ్స్', 'ఎన్.ఐ.బి.', 'ఐరన్ మ్యాన్', 'పారనాయిడ్'. నాలుగూ 1970 నాటివి. '13' నుంచి ఒక్కటీ లేదు.